పద్నాలుగు గిటార్లు కొన్నాక కూడా దొరకని ఆ ఒక్క స్వరం

విశాఖపట్నం నుంచి 47 ఏళ్ల పాఠకుడు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ప్రభుత్వ రంగ సంస్థలో ఇంజినీరు. భార్య స్కూల్లో టీచరు, కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఉత్తరం సారాంశం ఇది.

1997లో కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు, హాస్టల్లో ఒక సీనియర్ గదిలోంచి టేప్ రికార్డర్‌లో పాట వినిపించింది. అందులో ఎలక్ట్రిక్ గిటార్ మీద ఒక స్వరం. మొదలైంది, ఆగలేదు, సన్నబడలేదు, పోనుపోను ఏడుపులా మారింది. క్యాసెట్ మీద పేరు లేదు. ఆ పాట ఏదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. 2006లో హైదరాబాద్ వెళ్లి మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నది ఆ స్వరం కోసమే.

అప్పటి నుంచి 14 గిటార్లు కొన్నారు. 10 అమ్మేశారు. అమ్మినవాటిలో ఏదీ రెండేళ్లు దాటి ఇంట్లో నిలవలేదు. ఒకటి నాలుగున్నర కిలోల బరువు, నడుం నొప్పి వచ్చింది. ఒకదాని మెడ మరీ లావు, చెయ్యి పట్టలేదు. రెండు ఎప్పుడూ హమ్మని మోగుతూనే ఉండేవి. ఒకటి షాపులో బ్రహ్మాండంగా ఉండి ఇంటికి తెచ్చాక డొల్లగా పలికింది. ఇంకొకదాని మీద తీగలన్నీ శ్రుతి చేసినా, మేజర్ కార్డ్ (షడ్జమం, గాంధారం, పంచమం కలిపి) పట్టుకుంటే గాంధారం ఉండాల్సిన చోట ఉండేది కాదు. ఈయన చిన్నప్పుడు అమ్మ దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆవిడ నలభై ఏళ్లు ఒకే బొబ్బిలి వీణ వాయించారు. ఆవిడ పోయాక ఆ వీణ గుడ్డ కప్పి బీరువా పక్కన ఉంది.

గిటార్లకు పెట్టింది సుమారు తొమ్మిది లక్షలు, అమ్మితే తిరిగొచ్చింది ఐదున్నర. 2015లో విసిగిపోయి ఆంప్‌తో (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌తో) సహా మొత్తం అమ్మేశారు. ఎనిమిది నెలల్లో మళ్లీ మొదలుపెట్టారు.

ఇప్పుడు డాలస్‌లో ఉన్న బావమరిది డిసెంబరులో వస్తూ ఒక గిటార్ తెస్తానన్నాడు. గిబ్సన్ కంపెనీ 1959 నాటి లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను అచ్చు గుద్దినట్టు కొత్తగా చేసినది. అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు. పీఎఫ్‌లోంచి తీయాలనుకుంటున్నారు. భార్యకు చెప్పలేదు. అక్కకు చెప్పొద్దని బావమరిదిని కూడా అడిగారు. ఈలోగా ఒక రాత్రి, ఆ గిటార్ వీడియో చూస్తూ ఉత్సాహంగా వివరిస్తుంటే, భార్య అంతా విని ఇలా అన్నారట: "గిటార్ గురించి మీరు మాట్లాడటం రోజూ వింటున్నాను. వాయించడం విని ఎన్నాళ్లయింది?"

ఆయన లెక్క వేసుకుంటే దాదాపు రెండేళ్లు. "ఇదే చివరిది అనుకుంటున్నాను. కొనాలా, లేక అన్నీ అమ్మేసి ఈ పిచ్చి వదిలించుకోవాలా?" అని అడుగుతున్నారు.

మిత్రమా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లుగా నేనూ గిటార్ వాయిస్తున్నాను కాబట్టి మీరు రాసిన ఫిర్యాదుల్లో నాకు కొత్తది ఒక్కటీ లేదు. దీన్ని పిచ్చి అని నేను అనను. పంతొమ్మిదేళ్ల వయసులో విన్న ఒక స్వరం ఇన్నేళ్లు వెంటాడిందంటే మీ చెవి మామూలు చెవి కాదు. అందుకే మీ ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, ముందు ఆ స్వరం సంగతి చూద్దాం.

తగ్గకుండా నిలబడి, చివరికి పైస్థాయిలోకి తిరిగి ఏడ్చినట్టు పలికే స్వరం అన్నారు. మీ వర్ణన బట్టి అది ఫీడ్‌బ్యాక్ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. తీగ కదిలితే పికప్ ఆ కదలికను కరెంటుగా మార్చి ఆంప్‌కు పంపుతుంది, ఆంప్ స్పీకర్‌ను మోగిస్తుంది. స్పీకర్ చాలా గట్టిగా మోగుతూ, గిటార్ దానికి దగ్గర్లో ఉంటే, ఆ మోత తిరిగొచ్చి అదే తీగను మళ్లీ కదుపుతుంది. ఇక తీగ ఆగదు. వాయించేవాళ్లు స్పీకర్ వైపు ఒక అడుగు జరిగినా, కొంచెం పక్కకు తిరిగినా స్వరం ఉన్నట్టుండి పైకి ఎగబాకుతుంది. మీరు ఏడుపు అన్నది దాన్నే అయుంటుంది. దీనికి కావలసింది బాగా వాల్యూమ్ పెంచిన వాల్వ్ ఆంప్ (పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది), పెద్ద స్పీకర్, ఆ మోతను భరించే గది. చెక్కలో ఖాళీ లేని మామూలు ఎలక్ట్రిక్ గిటార్ ఏదైనా ఆ వాల్యూమ్‌లో ఇలా పలుకుతుంది.

మీరు వాయించేది ఎక్కడ? రెండు పడకగదుల ఫ్లాట్‌లో, రాత్రి పది దాటాక, పక్కవాళ్లకు వినపడకుండా, చిన్న ఆంప్ మీద. ఒక్కోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఆ గదిలో ఇంకో నలభై గిటార్లు మార్చినా ఆ స్వరం రాదు. మీరు పంతొమ్మిదేళ్లుగా గిటార్‌లో వెతుకుతున్నది ఆంప్ దగ్గర ఉంది.

షాపులో బాగుండి ఇంట్లో డొల్లగా పలికిన గిటార్ కథ కూడా చాలావరకు ఇదే. 1933లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు, మనిషి చెవి ఏ స్థాయి శబ్దాన్ని ఎలా వింటుందో కొలిచి చూపించారు. శబ్దం తగ్గించిన కొద్దీ మంద్రస్వరాలు మన చెవికి మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గిపోతాయి. పాత టేప్ డెక్కుల మీద ఉండే లౌడ్‌నెస్ బటన్ పని ఈ లోటు పూడ్చడమే. షాపులో గట్టిగా విన్నారు, ఇంట్లో మెల్లగా విన్నారు. గిటార్ అదే, మీ చెవిదాకా వచ్చింది వేరు. రాత్రిపూట ఆంప్‌లో బేస్ కాస్త పెంచి ఉంటే ఆ గిటార్ ఇంకా మీ ఇంట్లో ఉండేదేమో.

ఇక హమ్మని మోగినవి. మీరు రాసినదాన్ని బట్టి ఆ రెండూ సింగిల్ కాయిల్ పికప్‌లవి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒకే తీగచుట్ట ఉన్న పికప్ దాన్ని కూడా స్వరంలాగే పట్టుకుంటుంది. సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ మోతను రద్దు చేసే హంబకర్ తయారుచేశాడు. 1957 నుంచి లెస్ పాల్‌లలో వచ్చింది అదే. కాబట్టి డిసెంబరులో రావాల్సిన గిటార్ ఈ ఒక్క బాధ తీరుస్తుంది, నిజమే. కానీ హమ్ వేరు, జర్రుమనే మోత వేరు. మీ గదిలో ఫ్యాన్‌కు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే దాన్ని రెండులోనో మూడులోనో పెట్టి ఒకసారి, పూర్తిగా ఆపి ఒకసారి వినండి. డిమ్మర్ లైట్లతో కూడా అంతే. తర్వాత గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా పావు చుట్టు తిరగండి. ఏదో ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది. తీగల మీద చెయ్యి వేయగానే తగ్గితే గిటార్ లోపలి ఎర్త్ కనెక్షన్ సరిగ్గానే ఉన్నట్టు. ఉల్టా తీగలు తాకినప్పుడు చేతికి జిల్లుమంటే మాత్రం వెంటనే ప్లగ్ తీసేసి ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. అది గిటార్ సంగతి కాదు, ప్రాణం సంగతి.

గాంధారం దగ్గరికి వస్తే, మీ చెవి చెప్పింది అబద్ధం కాదు. అమ్మగారి తంబురా శ్రుతిలో మీరు విన్న అంతర గాంధారం షడ్జమానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది. గిటార్ మెట్లు స్థాయిని 12 సమాన భాగాలు చేసి వేసినవి. ఒక స్వరస్థానం నుంచి తర్వాతిదానికి ఉన్న దూరాన్ని 100 సెంట్లు అనుకుంటే, సహజ గాంధారం 386 దగ్గర, గిటార్ గాంధారం 400 దగ్గర. 14 సెంట్లు ఎక్కువ. మీలాంటి చెవికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. ఇది ప్రపంచంలో ఉన్న ప్రతి మామూలు గిటార్‌కూ ఉంది, నాలుగున్నర లక్షలదానికీ ఉంటుంది. వాల్యూమ్ పెంచి శబ్దాన్ని బాగా చీల్చినప్పుడు మేజర్ కార్డ్ మరీ గరగరలాడేది కూడా కొంతవరకు అందుకే. చాలామంది రాక్ గిటారిస్టులు అక్కడ గాంధారం వదిలేసి షడ్జ పంచమాలే పట్టుకుంటారు.

అయితే 14 సెంట్లకు మించి తప్పుతుంటే అది సరిచేయగలిగిన లోపం. నట్‌లో (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీలో) తీగ కూర్చునే గాడి లోతు చాలకపోతే మొదటి మూడు మెట్ల మీద స్వరాలన్నీ పైకి పోతాయి. పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉంటే దాని అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది. పాత తీగలు శ్రుతికి నిలబడవు, సముద్రపు గాలికి విశాఖలో అవి ఇంకా త్వరగా తుప్పు పడతాయి. ఇంకొకటి కూడా ఆలోచించండి. వీణ ఉన్న ఇంట్లో పెరిగారు, తీగను మెట్టు మీద గట్టిగా అదమడం మీ వేళ్లకు అలవాటై ఉండొచ్చు. ఎత్తు మెట్లున్న గిటార్ మీద అలా నొక్కితే చాలు, స్వరం జారిపోతుంది.

బరువు గిటార్, లావు మెడ గిటార్ మాత్రం మీరు అమ్మి మంచిపని చేశారు. ఒంటికి సరిపడనిది ఎంత గొప్పదైనా అక్కర్లేదు. అన్నట్టు, లెస్ పాల్‌లు బరువుకు పేరుపడ్డవి, 1959 నమూనా మెడ కాస్త లావుగానే ఉంటుంది. మీరు అమ్మేసిన రెండు గిటార్ల బాధలూ ఇందులో కలిసి వచ్చే అవకాశం ఉంది. ఇంతకుముందు ఆ మెడ మీ చేత్తో పట్టుకుని చూశారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

1958 నుంచి 1960 దాకా వచ్చిన ఆ సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లు అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు. కంపెనీ ఆ ఆకారాన్నే ఆపేసి, మళ్లీ 1968లో తెచ్చింది. ఆ మధ్య ఏళ్లలో కొందరు కుర్రాళ్లు పాతవి చవగ్గా కొని, ఆంప్‌లు బాగా పెంచి వాయించారు. ఆ రికార్డులు విన్న తర్వాతే లోకం ఆ గిటార్ల కోసం ఎగబడింది. ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అయితే 1970లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఫెండర్ కంపెనీ పాత స్ట్రాటోకాస్టర్ గిటార్లు కొన్ని కొని, మూడు స్నేహితులకు ఇచ్చేసి, మిగిలినవాటి భాగాలు కలిపి ఒక నల్ల గిటార్ చేయించుకున్నాడు. ఏళ్ల తరబడి అదే వాయించాడు. 2004లో వేలంలో దానికి 9,59,500 డాలర్లు వచ్చాయి. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే గిటార్ ఇంకా మీ మనసుకు దగ్గరగా ఉంటుందనుకుంటాను. మీలాగే లెక్కలూ సైన్సూ చదువుకున్న మనిషి. 1963లో తండ్రితో కలిసి ఇంట్లో మొదలుపెట్టాడు. మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేశారు, మెట్ల గుర్తులకు ముత్యపు చిప్ప గుండీలు వాడారు, తీగలు వంచే మీటకు మోటార్‌సైకిల్ ఇంజిన్ స్ప్రింగులు పెట్టారు. ఈనాటికీ ఆయన వాయిస్తున్నది దాన్నే. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్‌కు నాలుగు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టుకున్నారు. వీళ్లంతా చేతిలో ఉన్నదాన్ని తమకు కావలసినట్టు మార్చుకున్నవాళ్లు.

మీ ఇంట్లోనే అమ్మగారి ఉదాహరణ ఉంది కదా. నలభై ఏళ్లు ఒకే వీణ అంటే, అది నలభై ఏళ్లూ తనంతట తాను బాగా పలికిందని కాదు. మైనం వదులై మెట్లు కదిలిపోతే, మైనం తీయించి మళ్లీ మేళం కట్టించి ఉంటారు. తీగలు మార్చి ఉంటారు. గాంధారం తప్పిందని ఆవిడ వీణ అమ్మేయలేదు. గిటార్‌కు ఆ పనినే సెటప్ అంటారు. మెడ లోపలి రాడ్ బిగింపు, తీగల ఎత్తు, నట్ గాళ్లు, పికప్ ఎత్తు, బ్రిడ్జి మీద శ్రుతి సవరణ. ఆరు పేజీల్లో 14 గిటార్ల పేర్లు, ధరలు, చెక్కలు రాశారు. ఒక్కదానికైనా సెటప్ చేయించానని ఒక్క ముక్క లేదు. ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నేను కూడా ఒకప్పుడు జీవం లేదని ఒక గిటార్ అమ్మేశాను. ఏడాది తర్వాత కొన్న కుర్రాడు వాయిస్తుంటే గుర్తుపట్టలేకపోయాను, అంత బాగా పలికింది. ఏం చేశావని అడిగితే, లావు తీగలు వేసి వాటి ఎత్తు ఒక వెంట్రుకవాసి పెంచానన్నాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను.

కొనొచ్చు. మీరు సంపాదించినవాళ్లు, మనసు పడ్డారు, అది నిజంగానే అందమైన వాద్యం. కానీ ఇలా కొంటే పట్టుకుని చూడకుండా, వినకుండా కొంటున్నట్టు. ఒకే నమూనావి రెండు తీసుకున్నా చెక్కను బట్టి బరువు తేడా వస్తుంది. నచ్చకపోతే డాలస్‌కు తిరిగి పంపలేరు. విమానాశ్రయంలో సుంకం ఎంత పడుతుందో మీ లెక్కలో సరిగ్గా ఉందా చూసుకోండి. ఆ ధరకు ఇక్కడ కొనేవాళ్లు తక్కువ, కాబట్టి అమ్మితే ఈసారి నష్టం ఇదివరకటి వాటికన్నా పెద్దది. కొనాలనే నిర్ణయించుకుంటే, బావమరిది కొనకముందు మీరు ఏ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అలాంటి మెడ, అలాంటి బరువు ఉన్న గిటార్‌ను గంటసేపు నిలబడి వాయించండి. నిలబడి, కూర్చుని కాదు. నడుము చెప్పేది వినండి.

రహస్యంగా కొనడం మాత్రం వేరే సంగతి. పీఎఫ్ మీదే అయినా, వచ్చే ఏడాది అమ్మాయి ఇంజినీరింగో మెడిసినో అన్నప్పుడు ఆ డబ్బు గుర్తుకొస్తుంది. అప్పుడు చెప్పాల్సి వస్తే గిటార్ కన్నా దాచడమే పెద్ద విషయమైపోతుంది. పైగా దాచమన్నది ఎవరిని? ఆవిడ తమ్ముణ్ని. పెట్టె మోసుకుని అక్క ఇంటికే వచ్చి, అక్కకు తెలియనట్టు ఉండాలి అతను. రేపు తెలిస్తే ఆవిడకు ఇద్దరి మీదా నమ్మకం పోతుంది. అతని పరిస్థితి గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాట రాయలేదు. కొన్నా మానేసినా, అతన్ని ఈ వారమే ఆ మాట నుంచి విడిపించండి.

అన్నీ అమ్మేయడం రెండో దారి. 2015లో అది చేసి చూశారు. అప్పుడు వదిలిపోయినవి గిటార్లు, వెతుకులాట ఉండిపోయింది. మళ్లీ చేస్తే మళ్లీ ఎనిమిది నెలలే పడుతుందని కాదు గానీ, నేనైతే ఆ సలహా ఇవ్వలేను.

మూడోది, ఒక ఏడాది కొనకుండా ఉండటం. ఉన్న నాలుగింటిలో ఒళ్లో పెట్టుకోగానే హాయిగా అనిపించేవి రెండు ఉంచుకోండి. వాటికి కొత్త తీగలు వేసి మంచి టెక్నీషియన్ చేత సెటప్ చేయించండి. ఆ ఖర్చు కొత్త గిటార్ ధరలో మూలకు రాదు. మిగతా రెండూ అమ్మి, ఆ డబ్బుతో వీలైతే ఒక చిన్న వాల్వ్ ఆంప్ తీసుకోండి. దీనిలో కష్టం ఏమిటంటే, వెతకడం ఆగిన సాయంత్రాలు మొదట్లో ఖాళీగా, చిరాకుగా ఉంటాయి. వీడియోలు చూసే గంటలు వాయించే గంటలుగా మారడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండేళ్లు వాయించలేదు కాబట్టి వేళ్లు మాట వినవు, చివర్లు నొప్పి పుడతాయి. ఆ సమయంలో ఈ గిటార్ బాగాలేదు అనిపిస్తుంది. ఆ మాట అప్పుడు మాత్రం నమ్మకండి.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. గిటార్లు వెతకడం, పోల్చడం, వాటి చరిత్ర తెలుసుకోవడం, కొనడం, అమ్మడం మీకు నిజంగా ఇష్టమైన పని కావొచ్చు. వాయించడం కన్నా ఎక్కువ ఇష్టం కావొచ్చు. అలాగైతే దాన్ని దాన్నిగానే ఒప్పుకుని, ఏడాదికి ఇంత అని ఆవిడతో కలిసి ఒక మొత్తం అనుకుని, తప్పుచేస్తున్న భావన లేకుండా చేసుకోండి. అప్పుడు ప్రతి గిటార్‌నూ ఆ హాస్టల్ స్వరం ఇమ్మని అడగడం మానేయాలి. పాపం, అది ఏ గిటార్ వల్లా కాదు.

ఆవిడ అడిగిన మాట గురించి. దాన్ని మీరు ఉత్తరంలో "దెప్పిపొడిచింది" అని రాశారు. నాకు అలా వినపడలేదు. డబ్బు గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు, వాయించడం విని ఎన్నాళ్లయిందని అడిగారు. పెళ్లయిన కొత్తలో ఆదివారాలు మీరు వాయిస్తుంటే ఆవిడ పేపర్లు దిద్దుకునేవారని మీరే మూడో పేజీలో రాశారు. దెప్పడమో కాదో నేను ఇక్కణ్నుంచి చెప్పలేను. అడిగితే ఆవిడే చెబుతారు. అడిగేటప్పుడు డిసెంబరు సంగతి కూడా చెప్పండి, రెండూ ఒకే రోజు అయిపోతే మంచిది.

ఏ దారి ఎంచుకున్నా దానికి ముందు ఒక్క పని చేయండి. బ్యాండ్లు ప్రాక్టీస్ చేసుకునే గదులు గంట లెక్కన అద్దెకు దొరుకుతాయి. విశాఖలో కుదరకపోతే హైదరాబాద్‌లో దొరుకుతుంది. వాల్వ్ ఆంప్ ఉన్న గది అడిగి రెండు గంటలు తీసుకోండి. కొత్త తీగలు వేసిన మీ గిటార్ ఒకటి పట్టుకెళ్లండి. ఆంప్ గెయిన్ పెంచి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ వెళ్లండి. స్పీకర్‌కు రెండు మూడు అడుగుల దూరంలో దాని వైపు తిరిగి నిలబడి, మూడో తీగ మీద మధ్య మెట్లలో ఒక స్వరం పట్టుకుని, వేలు కొద్దిగా ఆడిస్తూ వదలకుండా ఉంచండి. రాకపోతే ఒక అడుగు ముందుకో పక్కకో జరగండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. ఇద్దరికీ ఇయర్‌ప్లగ్‌లు మరచిపోవద్దు.